దీపాల వేళ మూసిన తలుపు

ప్రదీప్‌కుమార్‌కు సిగ్గు లేదని శివకుమారికి ఆరేళ్లుగా తెలుసు. బుద్ధి కూడా లేదని మాత్రం, అతగాడు రాసిన నాలుగు పేజీల ఫిర్యాదు చేతికొచ్చిన రోజే తెలిసింది.

ఆ ఫిర్యాదు ఆమె మీదే. రెండువేల ఐదు, శ్రావణ మాసం, ఒక సోమవారం పొద్దున సావుకారి అనంతయ్య ఆమెను తన బల్ల దగ్గరికి పిలిచాడు. జిరాక్సు కాగితాలు ముందుకు తోసి, గోడ మీది క్యాలెండరుతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"చదువుకోమ్మా. నేనైతే ఏమీ అనను. వాడు రాసిచ్చినాడు, నేను తీసుకున్నా. ఆదివారం కమిటీ కూసుంటాది. అంతదాకా మేనేజరు కుర్చీలో కూసోవద్దు, తాళాలు ఈడ పెట్టు. యార్డులో లోడింగు చూసుకో."

"ఏం కమిటీ అయ్యా?"

"ఆఫీసుల్లో ఇట్లాంటివి జరిగితే కమిటీ ఉండాల్నని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిందంట. ప్రదీపు పేపర్లో చూసినాడు."

ఆమె అక్కడే నిలబడి మొదటి పేజీ చదివింది. మేనేజరు శివకుమారి తనను కోరరాని కోరిక కోరిందట. కాదన్నందుకు పగబట్టి పనిలో వేధిస్తోందట. పెళ్లయి ఇద్దరు బిడ్డల తండ్రయిన తన శీలానికి సంస్థ రక్షణ కల్పించాలట. శీలం! ఆ మాట, ఆ చేతిరాతలోనా! పోయిన ఏడాది కంప్యూటరు ముందు కూర్చునే శ్రీవాసవి అనే అమ్మాయి కుర్చీ వెనక రోజూ నిలబడి, స్క్రీను చూసే నెపంతో మెడ మీద ఊపిరి వదిలిన మనిషి ఇతనే. ఆ అమ్మాయి ఏడుస్తూ అనంతయ్య దగ్గరికి పోతే, ఆడపిల్ల పేరు కాగితం మీదికి ఎక్కకూడదమ్మా అని నాలుగు నిమిషాల్లో తేల్చి, నెల జీతం, జాకెట్టు ముక్క, పసుపు కుంకుమ చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. అప్పుడు సుప్రీంకోర్టు ఎవరికీ గుర్తు రాలేదు. మగవాడి శీలం కనుక ఇప్పుడు కమిటీ.

కంపెనీ అంటే పెద్ద అద్దాల మేడ ఏమీ కాదు. కడప ఊరి చివర రోడ్డు మీద ముందు ఆఫీసు, పక్కన ఒకే గోడకు ఆనుకుని సావుకారి ఇల్లు, వెనక యార్డు. నల్లబండలు గనుల నుంచి వస్తాయి, ఇక్కడ కోసి నునుపు పెట్టి లారీలకెత్తి బెంగళూరుకూ మద్రాసుకూ పంపుతారు. శివకుమారిది కర్నూలు జిల్లాలో కోసిగి పక్కన పల్లె. వాళ్లమ్మ హులిగెమ్మ పత్తి ఏరే కూలి. ఆదోనిలో బీకాం చదివి, ఇరవై మూడేళ్లకు ఇక్కడ లోడ్లు రాసే గుమాస్తాగా చేరింది. బండ మీద వేలి కణుపుతో కొట్టి, చప్పుడును బట్టి లోపల పగులుందో లేదో చెప్పగలిగే మనిషి ఆ యార్డులో ఆమె తర్వాతే ఇంకెవరైనా. అందుకే పాత మేనేజరు గుండె ఆపరేషను చేయించుకుని మానుకున్నప్పుడు అనంతయ్య ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. ప్రేమతో కాదు. ఆమె వచ్చాక దారిలో పగిలే బండలు సగానికి సగం తగ్గాయి. వ్యాపారికి అంతకు మించిన ప్రేమ ఏముంటుంది?

ప్రదీప్‌కుమార్ అనంతయ్యకు వరసకు మేనల్లుడు. పదేళ్లుగా కంపెనీలో ఉన్నాడు. ఏం పని చేస్తాడంటే చెప్పడం కష్టం. పది గంటలకు వస్తాడు, ఫ్యాను కింద కూర్చుంటాడు, మామా అని పిలుస్తాడు, అయిదున్నర కొట్టేసరికి బస్టాండు దగ్గరి సీడీల అంగట్లో తేలతాడు. తెలుగులోకి మార్చిన ఇంగ్లీషు సినిమాలంటే ప్రాణం. కుర్చీ తనదేనని పదేళ్లు నమ్మి, అది కూలోళ్ల బిడ్డకు పోయేసరికి ముందు వారం రోజులు ఆమెను పొగిడాడు, తర్వాత నెల రోజులు వెక్కిరించాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. రెండూ అందకపోయేసరికి ఏదో సినిమా చూశాడు. అందులో ఆడ బాసు మగ ఉద్యోగిని సాయంత్రం గదికి పిలిచి తలుపేస్తుంది, అతను కోర్టుకెక్కి గెలుస్తాడు, చివర ఆమె పెట్టె సర్దుకుని పోతుంది. ఆ కథ ఆఫీసులో ఫ్యాను కింద అతనే పొద్దస్తమానం చెప్పాడు. ఆ చివరి ముక్క దగ్గర శివకుమారి వైపు చూసి మరీ చెప్పాడు.

ఇప్పుడు రెండో పేజీలో ఆ సినిమా అంతా ఉంది. "పెద్ద కిటికీ దగ్గరకు పిలిచి నగరపు దీపాల అందం చూపించెను" అని రాశాడు. మేనేజరు గదికున్నది ఒక్కటే కిటికీ. అందులోంచి కనపడేది ప్రహరీ గోడ, కోత మిషన్ల నుంచి పారే తెల్ల బురద. "గ్లాసులో ద్రాక్షరసం పోసి ఇచ్చెను" అని రాశాడు. ఆ ఆఫీసులో బోరునీళ్లు కాచి చల్లార్చి తాగడమే భోగం. "వద్దు వద్దు అని నేను పలుమార్లు వేడుకొంటిని." ఛీ, పలుమార్లట! ఈ మొహానికి ఒక్కమారే ఎక్కువ. ఆమెకు మొదట నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. ఎందుకంటే ఆ కాగితాలు ఇచ్చిన అనంతయ్య నవ్వలేదు.

ఆదివారం తీర్పు అటు తిరిగితే కుర్చీ పోతుంది. అది పోతే పోయింది. దాని వెంట పోయేది పేరు. ఇలాంటి పేరు మోసుకుని వచ్చే ఆడదానికి ఎర్రగుంట్ల నుంచి బేతంచెర్ల దాకా బండల కంపెనీ ఏదీ గేటు తీయదు. లారీ డ్రైవర్లు సోమవారానికల్లా ఆదోని బజారులో చెప్పుకుంటారు, మంగళవారానికి పత్తి చేలో హులిగెమ్మ చెవిన పడుతుంది. బిడ్డ కడపలో మేనేజరని తల్లి ఊరంతా చెప్పుకునే ఒకే ఒక్క గొప్ప అది. ఆ గొప్పను ఒక సోమరిపోతు సీడీ అద్దెకు తెచ్చుకుని చెరిపేస్తానంటున్నాడు.

మూడో పేజీ ఆమె యార్డులో పేర్చిన బండల అట్టి మీద కూర్చుని చదివింది. అక్కడ చూపు ఆగింది. "పోయిన శుక్రవారం సాయంత్రం సరిగ్గా 6.45 గంటలకు, వీధి దీపాలు అప్పుడే వెలుగుచుండగా, ఆమె గది తలుపునకు లోగడియ పెట్టి, ఆఫీసు ముందు తలుపు సైతం మూసివేసి..."

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి కూడా చదివి, కాగితాలు మడిచి కొంగులో దోపుకుంది.

కోమట్ల ఇళ్లలో, అంగళ్లలో దీపాలు పెట్టే వేళ తలుపు మూయరు. లక్ష్మి వచ్చే వేళ అది. కరెంటు పోయినా, గాలివాన కొట్టినా, ఇంట్లో జబ్బుమనిషి ఉన్నా, ముందు తలుపు రెండు రెక్కలూ బార్లా తీసే ఉంటాయి. అనంతయ్య భార్య రాజ్యలక్ష్మమ్మ రోజూ ఆ వేళకు తల దువ్వుకుని, ముఖాన కుంకుమ దిద్దుకుని, ఇంటి వైపు నుంచి ఆఫీసులోకి వస్తుంది. గడప దగ్గర దీపం పెట్టి, గల్లాపెట్టెకు హారతిచ్చి, సాంబ్రాణి పట్టుకుని గది గదికీ తిరుగుతుంది. ఆ గంటసేపు ఆఫీసులో ఒక్క తలుపు మూసి ఉండకూడదు. కిర్రుమంటూ తనంత తానే మూసుకునే మేనేజరు గది తలుపుకైతే ఆమె ఒక బండముక్క అడ్డం పెట్టించింది. అది మామూలు రోజుల మాట. పోయిన శుక్రవారం శ్రావణ శుక్రవారం. ఆ వేళ ఆమె మేనేజరు గదిలో సాంబ్రాణి పొగ ఎంత దట్టంగా పట్టిందంటే, శివకుమారి లేచి పక్కకు నిలబడి, దగ్గుతూ కళ్లు తుడుచుకుంది.

ఇది పరాయివాడికి తెలియకపోతే తప్పు లేదు. కోమటింట పుట్టి, కోమటి అంగట్లో పదేళ్లు కూడు తిన్నవాడికి తెలియలేదు! ఎందుకు తెలుస్తుంది? ఆ వేళకు పదేళ్లలో ఒక్కరోజు ఆఫీసులో ఉన్నాడా? సొంత ఇంట్లోనైనా ఉన్నాడా? ఆ సంసారంలో దీపం ఎవరు పెడతారో, ఎప్పుడు పెడతారో ఎరగని మగమహారాజు, సినిమాలో గడియారం ఎంత చూపిస్తే అంతే ఎక్కించుకుని వచ్చాడు. శివకుమారికి అతని మీద కోపం కూడా పోయింది. కోపం తెచ్చుకోవడానికైనా ఎదుటివాడిలో కాస్త సరుకుండాలి.

ఆ మాట నేనే చెప్పేస్తే? అని ఆలోచించింది. చెబితే వాదన అవుతుంది. కూలోళ్ల బిడ్డ మాకు ఆచారం చెప్తాండాదే అంటారు. చెప్పకూడదు. చెప్పాల్సిన మనిషి చేతే చెప్పించాలి.

ఆదివారం పొద్దున ఆఫీసు హాల్లో బల్ల చుట్టూ కమిటీ కూర్చుంది. అనంతయ్య, ఆయన ఆడిటరు మహానంది, రాజ్యలక్ష్మమ్మ. ఆడమనిషి అధ్యక్షురాలిగా ఉండాలని పేపర్లో రాసి ఉందట, అందుకని ఆమెను లాక్కొచ్చి నడిమి కుర్చీలో కూర్చోబెట్టారు. ఒళ్లో ఆకులు, వక్కలు పెట్టుకుని ఆమె ఎటో చూస్తోంది. మీరేం మాట్లాడనక్కర్లేదమ్మా, చివర్లో సంతకం చేస్తే చాలని మహానంది ముందే చెప్పాడు. కొత్త చొక్కా వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని, ప్రదీప్‌కుమార్ సాక్షాత్తు పతివ్రతలా తలొంచుకుని కూర్చున్నాడు.

ఏటా కంపెనీ లెక్కలు కన్నెత్తి చూడకుండా సంతకం చేసే మహానంది, ఈ నాలుగు పేజీలను మాత్రం వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. ప్రతి వాక్యం తర్వాతా ఆగాడు.

"ద్రాక్షరసం అని రాసినావు. అంటే వైనా?"

"మర్యాదగా రాసినాను సార్," అన్నాడు ప్రదీప్‌కుమార్.

"యాడ తెచ్చింది?"

"బ్యాగులో."

"ఊఁ. తర్వాత? చెయ్యి పట్టుకునె అని రాసినావు. ఏ చెయ్యి?"

"రెండూ సార్."

"రెండూనా!" అని మహానంది అనంతయ్య వైపు చూశాడు. అనంతయ్య గొంతు సవరించుకుని కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. శ్రీవాసవికి నాలుగు నిమిషాలు ఇచ్చిన పెద్దమనుషులు ఈ ముచ్చటకు గంటంబావు ఇచ్చారు. నోట్లో నీళ్లూరుతుంటే మింగుకుంటూ న్యాయం విచారిస్తున్న ఆ ఇద్దరినీ చూస్తుంటే, అబద్ధం చెప్పేవాడే నయమనిపించింది శివకుమారికి. వాడికి కుర్చీ కావాలి. వీళ్లకేం కావాలి?

కడకు మహానంది ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇది జరిగిందా, జరగలేదా? ఔనో కాదో చెప్పు."

"దానికి నేను జవాబు చెప్పను సార్."

"అంటే?"

"నన్ను ఆ మాట అడగడానికి మీ ముందర ఏం ఉండాదని? సినిమా కథ ఉండాది. నేను ఆయన్ను నాలుగు ప్రశ్నలు అడుగుతా. అడగొచ్చా?"

అనంతయ్య ఒప్పుకోలేక ఒప్పుకున్నట్టు తలాడించాడు. శివకుమారి ప్రదీప్‌కుమార్ వైపు తిరిగింది కానీ, గొంతు మాత్రం నడిమి కుర్చీకి వినపడేలా పెట్టింది.

"ఏ రోజప్పా జరిగింది ఇది?"

"రాసినా కదా. మొన్నటిది కాదు, అంతకు ముందు శుక్రవారం."

"గంట ఎంత?"

"ఆరూ నలభై ఐదు," అన్నాడు ధీమాగా. సినిమాలో గెలిచినవాడు నిమిషాలతో సహా చెప్పాడు మరి.

"ఆరుముక్కాలేనా, ఏడున్నర ఎనిమిది అయ్యుంటుందా? బాగా గుర్తు తెచ్చుకో."

"గుర్తు తెచ్చుకునేదేంది? వాచీ చూసుకున్నా. వీధి దీపాలు అప్పుడే వెలిగినాయి. ఆ మాట కూడా రాసినా."

"అప్పుడు నా గది తలుపు?"

"గడియ పెట్టినావు."

"ముందు తలుపు?"

"అది కూడా నువ్వే మూసినావు. రెండు రెక్కలూ మూసి అడ్డగడియ ఏసినావు. నేను పారిపోకుండా."

శివకుమారి ఇంకేమీ అడగలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. వక్క కత్తిరిస్తున్న రాజ్యలక్ష్మమ్మ చెయ్యి ఆగింది. ఆమె తల పైకెత్తి, ఆ పొద్దంతా మొదటిసారి మేనల్లుడి మొహం చూసింది.

"ఏ శుక్రవారంరా?"

"మొన్నటిదానికి ముందుది అత్తా."

"శ్రావణ శుక్రవారమా?"

"ఆఁ... అదే."

"దీపాలు పెట్టే యాళకు, నా ఇంటి ముందు తలుపు, రెండు రెక్కలూ మూసి అడ్డగడియ ఏసిందంటావు?"

ప్రదీప్‌కుమార్‌కు ఇంకా వెలగలేదు. "ఔనత్తా, చూడు ఎంత తెగించిందో!" అన్నాడు.

రాజ్యలక్ష్మమ్మ ఒళ్లో ఆకులన్నీ బల్ల మీద పడేసి లేచి నిలబడింది. "థూ నీ బతుకు చెడ! యాళ తెలీదా నీకు? నేను కోడలుగా ఈ ఇంట్లో కాలు పెట్టి నలభై రెండేండ్లు. మా మామ చచ్చిపోయిన దినం కూడా దీపాల యాళకు ఆ తలుపు మూయలేదు. శ్రావణ శుక్రవారం నాడు హారతి పట్టుకుని గది గదికీ తిరిగినదాన్ని నేను. ఈ పాప నా ముందరనే నిలబడి దగ్గుతాండాది. నువ్వు యాడుండావు? నీ జన్మకు ఆ యాళప్పుడు ఈడ ఉండింటివా ఒగదినం? నా తలుపు మూసినారంటావా, రేయ్?"

దొంగకు తేలు కుట్టినట్టయింది ప్రదీప్‌కుమార్‌కు. "టైము కొంచెం అటో ఇటో..." అన్నాడు.

అప్పుడు లేచింది అనంతయ్య ఉగ్రం. మొహం ఎర్రబడి, పంచె సవరించుకుంటూ మేనల్లుడి మీదికి పోయాడు. "లక్ష్మి వచ్చే యాళ అనంతయ్య అంగడి తలుపు మూసుకుంటాదని కాగితం మీద రాస్తావారా? ఇది బజార్లో తెలిస్తే నా మొహాన సరుకు ఏసేదెవడు? ఇంటికి అరిష్టం కాదారా ఇది? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

శివకుమారి చూస్తూ నిలబడింది. ఒక ఆడదాని మీద నాలుగు పేజీల బురద చల్లితే క్యాలెండరు వైపు చూసిన మనిషి, తలుపు మీద ఒక్క వాక్యం రాస్తే వణికిపోతున్నాడు. గెలిచానన్న సంతోషం ఆమెకు రావాల్సింది. వచ్చింది అసహ్యం. ఈ ఇంట్లో మానమంటూ ఉన్నది రెండు చెక్క రెక్కలకు అన్నమాట.

పది నిమిషాల్లో తీర్పు అయిపోయింది. ప్రదీప్‌కుమార్ నలభై రోజుల దీపానికి సరిపడా నూనె తెచ్చివ్వాలి. రేపటి నుంచి వేంపల్లె గోడౌనులో కూర్చోవాలి. మహానంది పుస్తకంలో రాసి, అందరికీ వినిపించాడు. "సదరు వేళలో సదరు తలుపు తెరిచియే యున్నందున ఫిర్యాదు నిలవదు. ఇంతటితో కమిటీ ముగిసినది."

"ఇంక ఎవరూ దీని గురించి నోరెత్తొద్దు," అన్నాడు అనంతయ్య, ఇంత పెద్ద మనసు ఇంకెవరికుంటుందన్నట్టు. "పామ్మా శివకుమారీ, తాళాలు తీసుకో. బెంగళూరు లోడు ఎత్తుతాండారు, పోయి చూసుకో."

ఆమె తాళాలు తీసుకోలేదు.

"ఆ పుస్తకంలో నా పేరు లేదయ్యా."

"నీ పేరు ఎందుకు? మంచిదే కదా లేకపోతే."

"ఫిర్యాదులో ముప్పై సార్లు ఉండాది. తీర్పులో ఒగసారైనా ఉండాల. తలుపు తెరిచే ఉండాదని రాసినారు. బాగుంది, తలుపు మంచిదే. మరి ఈ మనిషి అబద్ధం చెప్పినాడని ఎవరు రాస్తారు?"

మహానంది కళ్లజోడు తీశాడు. "అబద్ధం అనే మాట కొంచెం కటువుగా ఉంటాదమ్మా. పొరపాటు అని..."

"పొరపాటా? వారం నుంచి యార్డులో హమాలీలు నా మొహం చూసి తల పక్కకు తిప్పుకుంటాండారు సార్. ఆ పొరపాటు మీకు జరిగింటే తెలుస్తాండె. శివకుమారి మీద ప్రదీప్‌కుమార్ అబద్ధం చెప్పినాడు అని రాయండి. ఆ రాసింది అయ్యగారు యార్డులోకి వచ్చి అందరి ముందర చదవాల. అప్పుడు తాళాలు తీసుకుంటా. లేకుంటే బయట ఆరు లారీలు ఉండాయి. ఏ బండ మంచిదో ఏది పగిలిందో, ప్రదీపును పంపండి, కొట్టి చూసి చెప్తాడు."

"బంధువులబ్బాయి," అన్నాడు అనంతయ్య. "నలుగురి ముందర ఎట్లమ్మా..."

"నేను నలుగురి ముందరనే కదయ్యా వారం దినాలు నిలబడింది."

అనంతయ్య భార్య వైపు చూశాడు. భార్య పడిపోయిన ఆకులు ఏరుకుంటోంది. మహానంది వైపు చూశాడు. మహానంది కలం మూత వెతుక్కుంటున్నాడు. బయట లారీ డ్రైవరు ఒకడు విసుగ్గా హారను కొట్టాడు. ఆ హారను మోతకే అనంతయ్యకు న్యాయం కళ్ల ముందర కనపడింది. "రాయప్పా, రాయి," అన్నాడు మహానందితో.

యార్డులో కోత మిషన్లు ఆపించారు. లోడింగు మేస్త్రి బసవన్న, అతని వెనక పాతికమంది హమాలీలు, ఒళ్లంతా రాతిపొడితో నిలబడ్డారు. అనంతయ్య పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, పూజలో మంత్రం గొణిగినట్టు గొణిగాడు.

"ఇనపడలేదు సావుకారీ," అన్నాడు బసవన్న వినయంగా. "మిషను మోతకు మా చెవులు చెడిపోయిండాయి. ఇంగొగసారి."

అనంతయ్య మళ్లీ చదవాల్సి వచ్చింది. శివకుమారి మీద ప్రదీప్‌కుమార్ అబద్ధం చెప్పినాడు. ఈసారి గేటు దగ్గరి డ్రైవర్లకు కూడా వినపడింది. ఒకడు పకపకా నవ్వాడు. ప్రదీప్‌కుమార్ ఆఫీసు గడపలో ఉన్నవాడు లోపలికి తప్పుకున్నాడు. కొత్త చొక్కా వీపున చెమట మరకతో అంటుకుపోయి ఉంది. సినిమాలో పెట్టె సర్దుకుని పోయేది ఆమె కదా, ఇక్కడెందుకు ఇలా అయిందో వాడికి ఈ జన్మలో అర్థం కాదు. శివకుమారి తాళాలు తీసుకుని నడుముకు దోపుకుంది. వారం తర్వాత మొదటిసారి ఆమెకు ఆకలి వేసింది.

లోపలికి వచ్చేసరికి మేనేజరు గదిలో రాజ్యలక్ష్మమ్మ కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. ఆరేళ్లలో ఆమె స్వయంగా కాఫీ తెచ్చివ్వడం ఇదే మొదలు. "తాగు పాపా. పొద్దున్నుంచి ఏం తినినట్టు లేవు," అంటూ కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. ఆ మాటలోని మెత్తదనానికి శివకుమారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ ఇంట్లో ఒక్క మనిషైనా ఉంది అనుకుంది. ఈమె లేకపోతే ఈపాటికి నేను బస్టాండులో ఉండేదాన్ని అనుకుంది. మహానందిని, అనంతయ్యను, ఆ సోమరిపోతును తిట్టుకున్న తిట్లలో ఈమెకు ఒక్కటి కూడా తగలకూడదనుకుంది.

"అమ్మా, మీరు ఆ మాట చెప్పకపోయింటే..." అని మొదలుపెట్టింది.

"ఉన్నమాటే కదా చెప్పినా. నా తలుపు సంగతి నాకు తెలీదా?" రాజ్యలక్ష్మమ్మ వెనక్కి తిరిగి చూసి, హాల్లో ఎవరూ లేరని తేల్చుకుని, దగ్గరికి వంగింది. గొంతు తగ్గించింది.

"ఒగ మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మనం మనం ఆడోళ్లం. తలుపు తీసే ఉండాది, అది సత్యం. నేను కాదనను. కానీ పాపా, ఒంటరిదానివి, వయసులో ఉండావు... ఆ పిల్లోని మీద నీకు మనసులో ఏమన్నా ఉండాదా? ఇంగ్యాడన్నా, ఎప్పుడన్నా, ఏమన్నా అనింటివా? నిప్పు లేంది పొగ రాదు కదా. నాకు చెప్పు, ఎవురికీ చెప్పను."

కాఫీ గ్లాసు చేతిలో కాలుతోంది. శివకుమారి దాన్ని బల్ల మీద పెట్టలేదు. అందరి ముందర లేచి చెప్పిన మనిషి, ఎగిరెగిరి తిట్టిన మనిషి, పుస్తకంలో మొదటి సంతకం పెట్టిన మనిషి. పొద్దుటి నుంచి మగవాళ్లు ఎంత గుచ్చి అడిగినా శివకుమారి, మీకు జవాబు చెప్పే ఖర్మ నాకు లేదని తలెగరేసి నిలబడింది. ఇప్పుడు తల ఎగరలేదు. రాజ్యలక్ష్మమ్మ కళ్లల్లో ఎగతాళి లేదు, పగ లేదు. నిజంగానే తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. దాన్ని ఏం చేయాలో శివకుమారికి తెలియలేదు.

"లేదమ్మా," అంది.

ఆ ఒక్క మాట నోట్లోంచి వచ్చేసరికి వారం రోజుల్లో పడని అవమానం పడ్డట్టయింది.

"సరేలే, సరేలే," అంది రాజ్యలక్ష్మమ్మ, పాపం ఒప్పుకోలేకపోతోంది అన్నట్టు భుజం తట్టి. "కాఫీ సల్లారిపోతాది, తాగు."

ఆమె చెప్పులీడ్చుకుంటూ ఇంటి వైపు వెళ్లిపోయింది. బయట బసవన్న, ఏమ్మా, నాలుగో లారీకి బండలు చూస్తావా అని కేకేశాడు. వస్తాండా అంది శివకుమారి. కాఫీ కిటికీలోంచి తెల్ల బురదలో పారబోసి, గ్లాసు బల్ల మీద బోర్లించి, యార్డులోకి నడిచింది.